‘లేదు’ అన్న మాట తెచ్చిన తంటా: అమెరికాలో కూగర్ గొడవ ఎలా మొదలైంది?

2011 జూన్ మొదట్లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, గ్రీనిచ్ అనే ఊళ్ళో, పొడుగు తోక ఉన్న పెద్ద పిల్లి ఒకటి తిరుగుతోందని కొందరు చెప్పారు. న్యూయార్క్‌కు దగ్గర్లో బాగా డబ్బున్నవాళ్ళు ఉండే ఊరది. జూన్ 11న, అర్ధరాత్రి దాటాక, అక్కడికి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్ఫర్డ్ దగ్గర హైవే మీద అది ఒక కారుకు అడ్డంపడి చచ్చిపోయింది. 140 పౌండ్ల మగ కూగర్. అంటే దాదాపు 63 కిలోలు.

ఎవరో పెంచుకుంటుంటే తప్పించుకుని వచ్చి ఉంటుందని అధికారులు మొదట అనుకున్నారు. ఆ రాష్ట్రంలో వందేళ్ళకు పైగా అడవి కూగర్ జాడే లేదు కాబట్టి ఆ అనుమానంలో తప్పేమీ లేదు. కానీ కళేబరాన్ని పరీక్షిస్తే పెంపుడు జంతువు గుర్తులేవీ కనపడలేదు: గోళ్ళు తీయించిన గుర్తుల్లేవు, వృషణాలు తీయలేదు, చర్మం కింద చిప్ లేదు. పైగా అడవిలో తిరిగినదానికి గుర్తుగా ముళ్ళపంది ముళ్ళు దొరికాయి. డీఎన్ఏను మోంటానాలోని ప్రభుత్వ ల్యాబ్‌కు పంపితే, దాని పుట్టిల్లు సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ అని తేలింది. 2009 చివర్లో, 2010 మొదట్లో మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో దొరికిన మలం, వెంట్రుకల నమూనాలతో కూడా అది సరిపోయింది. మొత్తం 2,400 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చిందన్నమాట.

జూలైలో ఈ ఫలితం బయటికొచ్చాక, తూర్పు రాష్ట్రాల్లో కూగర్లు లేవని అధికారులు అంటుంటే "మేం చూశామంటే నమ్మారా?" అని ఏళ్ళ తరబడి అడుగుతున్నవాళ్ళకు గొంతు పెరిగింది. అయితే గొడవ అక్కడ మొదలైంది కాదు.

కూగర్ అంటే మన చిరుత కాదు, ఒంటి మీద మచ్చలుండవు. లేడి రంగు, పొడవాటి తోక. ప్యూమా, మౌంటెన్ లయన్, పాంథర్ అన్నీ దాని పేర్లే. ఒకప్పుడు అమెరికా తూర్పు నుంచి పడమటి దాకా ఉండేది. పశువులను తింటోందని ప్రభుత్వాలే తలకింత అని బహుమానమిచ్చి చంపించాయి. అడవులు నరికేశారు, జింకలు కూడా తగ్గిపోయాయి. మిషిగన్‌లో 1906లో న్యూబెరీ దగ్గర చంపినదే చివరిదని లెక్క. తూర్పున మెయిన్ రాష్ట్రంలో 1938లో ఒకటి దొరికింది. ఫ్లోరిడా దక్షిణ కొసన మాత్రం కొన్ని మిగిలాయి.

పడమట సంగతి వేరు. రక్షణ చట్టాలు రావడంతో అక్కడ సంఖ్య కోలుకుంది. బ్లాక్ హిల్స్‌లో ఎంత కోలుకున్నాయంటే, 1978లో రక్షణ కల్పించిన రాష్ట్రమే 2005లో వేటకు సీజన్ ప్రకటించింది. చోటు చాలని కుర్ర మగవి తూర్పుకు బయల్దేరాయి. 2008 ఏప్రిల్‌లో షికాగో నగరంలో పోలీసులు కాల్చి చంపినదీ ఆ బ్లాక్ హిల్స్ సంతతే.

అసలు మెలిక ఇక్కడుంది. మగ కూగర్లు తోడు వెతుక్కుంటూ వందల మైళ్ళు పోతాయి. ఆడవి మాత్రం సాధారణంగా పుట్టిన చోటుకు దగ్గరలోనే స్థిరపడతాయి. ఆడది రాకపోతే సంతతి లేదు, సంతతి లేకపోతే అధికారుల లెక్కలో అక్కడ కూగర్లు ‘లేవు’. మా ఊళ్ళో డాక్టరు లేడు అంటాం. బస్సులో ఒక డాక్టరు ఊరు దాటి వెళ్ళినంత మాత్రాన ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ డాక్టర్ని కళ్ళారా చూసినవాడికి అదే మాట చెబితే, నన్ను అబద్ధాలకోరు అంటున్నారనుకుంటాడు. జరిగింది అదే. పత్రికా ప్రకటనల్లో "సంతానోత్పత్తి చేస్తున్న జనాభాకు ఆధారాల్లేవు" అని రాస్తే జనం చదివింది "మీరు చూసింది కుక్కను" అని.

అధికారుల వైపు బలమైన వాదనే ఉంది. ఫ్లోరిడాలో ఉన్నవి సుమారు రెండు వందలు, అయినా చాలా ఏళ్ళలో 20కి పైగా బండ్ల కింద పడి చస్తున్నాయి. నిజంగా మందలకొద్దీ ఉంటే మిగతా తూర్పు రాష్ట్రాల రోడ్ల మీద కూడా కళేబరాలు దొరకాలి కదా? ఇంకో సంగతి, నల్ల కూగర్‌ను చూశామని చెప్పేవాళ్ళు బోలెడుమంది. నల్ల కూగర్ ఉన్నట్టు ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదు. ఇలాంటి ఫిర్యాదులు రోజూ వింటుంటే ఎవరికైనా విసుగొస్తుంది. విసుగు అర్థమవుతుంది కానీ, దాన్ని జనం మీద చూపించడమే కొంప ముంచిందని నాకనిపిస్తుంది.

మిషిగన్‌లో ఈ పంచాయితీ బాగా ముదిరింది. అక్కడ ఒక పరిరక్షణ సంస్థ మలం నమూనాలు పట్టుకుని, కూగర్లు ఎప్పుడూ పూర్తిగా పోలేదని వాదించింది. 2006లో పరిశోధన పత్రం కూడా వెలువడింది. ఆ ఆధారాలు చాలవని మరుసటి ఏడాది ఇతర జీవశాస్త్రవేత్తలు ఖండించారు. కూగర్ ఆ రాష్ట్ర అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది కాబట్టి, ఉందని ఒప్పుకుంటే కాపాడే బాధ్యత నెత్తిన పడుతుందని అధికారులు దాస్తున్నారని ఒక పుకారు. జింకలను తగ్గించడానికి వాళ్ళే రహస్యంగా తెచ్చి వదిలారని ఇంకో పుకారు. రెండూ ఒకేసారి నిజం కావడం కష్టం. అయినా ఒకే టీ కొట్టు దగ్గర రెండూ వినిపించే రకం మాటలివి.

పరిస్థితిని మార్చింది ట్రెయిల్ కెమెరా. జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే, జింకల వేటగాళ్ళు చెట్లకు కట్టుకునే ఈ చిన్న పెట్టెలు చవకయ్యాక, రుజువు జనం చేతికొచ్చింది. మిషిగన్ సహజ వనరుల శాఖ ప్రత్యేకంగా శిక్షణ పొందిన బృందంతో ఫోటో తీసిన చోటుకే వెళ్ళి సరిచూడడం మొదలుపెట్టింది. 2008 నుంచి అలా కూగర్ కనపడినట్టు నిర్ధారించిన సందర్భాలు వందకు పైమాటే. ఇంచుమించు అన్నీ ఉత్తరాన ఉన్న అప్పర్ పెనిన్సులాలోనే.

ఈలోగా 2018 జనవరిలో కేంద్ర వన్యప్రాణి సంస్థ తూర్పు కూగర్ అంతరించిందని అంతరించిపోతున్న జీవుల కేంద్ర జాబితా నుంచి తీసేసింది. వాళ్ళ ఉద్దేశం ఒకప్పటి తూర్పు ఉపజాతి గురించి. పడమటి నుంచి వచ్చేవాటికి దాంతో సంబంధం లేదు. జన్యుపరంగా అసలు అది వేరే ఉపజాతేనా అన్న అనుమానం కూడా శాస్త్రవేత్తల్లో ఉంది. ఇంత వివరం హెడ్డింగుల్లో పట్టదు. పెరట్లో ఫోటో తీసినవాడికి ‘అంతరించింది’ అన్న వార్త మండించింది.

2025 మార్చి 6న అప్పర్ పెనిన్సులాలోని ఆంటనాగన్ కౌంటీలో ఒక స్థానికుడు రెండు కూగర్ కూనలను ఫోటో తీశాడు. వయసు ఏడు నుంచి తొమ్మిది వారాలు. శాఖ దాన్ని నిర్ధారించింది. మిషిగన్‌లో వందేళ్ళకు పైగా తర్వాత కూనలు కనపడటం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ లేదంటున్న ఆడ కూగర్, అంటే వాటి తల్లి, మాత్రం ఆ ఫోటోల్లో లేదు.