చెవిలో సూది, చేతిలో సిగరెట్

1972లో హాంగ్‌కాంగ్‌లో వెన్ అనే మెదడు సర్జన్ ఒక రోగిని ఆపరేషన్‌కు సిద్ధం చేస్తున్నాడు. నొప్పి తెలియకుండా ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చి, వాటి గుండా కొద్దిపాటి కరెంటు పంపించాడు. ఆ రోగికి నల్లమందు అలవాటు. నొప్పి సంగతి అలా ఉంచితే, నల్లమందు లేనప్పుడు పడే యాతన కూడా తగ్గిందన్నాడతను. వెన్ ఇంకొందరి మీద ప్రయత్నించి మరుసటి ఏడాది ఆ ఫలితాలు ప్రచురించాడు. కబురు న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రి దాకా పాకి, చెవికి ఐదు సూదులు గుచ్చే పద్ధతి పుట్టింది. నల్లమందుకు పనికొచ్చింది సిగరెట్‌కు పనికిరాదా అని జనం ఆశపడటం సహజమే.

కానీ తగ్గించింది సూదా, సూది మీద నమ్మకమా? ఇది తేల్చడానికి పరిశోధకులు ఉత్తుత్తి సూదులు వాడతారు. కొందరికి సంబంధం లేని చోట గుచ్చుతారు. కొన్ని సూదులైతే నాటకాల్లో కత్తిలాంటివే. చర్మానికి తగలగానే మొన పిడిలోకి జారిపోతుంది, రోగి మాత్రం గుచ్చారనే అనుకుంటాడు. సిగరెట్ మాన్పించడానికి ఆక్యుపంక్చర్, దానికి దగ్గరి పద్ధతులు పనికొస్తాయా అని చూసిన 38 పరీక్షలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో కలిపి చూసింది. మొదటి కొన్ని వారాల్లో అసలు సూదిది కాస్త పైచేయిగా కనిపించింది. ఆరు నెలలు దాటాక తేడా లేదు. సిగరెట్ మాన్పించే హిప్నాటిజం మీద 2019లో చేసిన సమీక్షలోనూ గట్టి ఆధారం దొరకలేదు.

ఆ మొదటి వారాల సంగతే నాకు ఆసక్తి. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. మానేస్తే చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం. మొదటి వారం మరీ కష్టం, మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో అరగంట కదలకుండా పడుకోబెట్టి, "ఎలా ఉంది?" అని అడిగి, మళ్ళీ ఫలానా రోజు రమ్మనే మనిషి ఉండటం చిన్న సాయమేమీ కాదు. దాన్ని నేను తీసిపారేయను. కాకపోతే మూడో నెలలో, భోజనం అయ్యాక, పక్కవాడు పెట్టె చాపినప్పుడు ఆ మనిషి అక్కడ ఉండడు.

సూదుల సంగతి ఇలా ఉందని చెట్ల మందులన్నీ కూడా ఉత్తవే అనుకోకండి. పసుపు పూలగుత్తులు వేలాడే లాబర్నమ్ అనే విషపు చెట్టుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పొగాకు దొరకక సైనికులు దాని ఆకు చుట్టి కాల్చారట. అందులోని సైటిసిన్, మెదడులో నికోటిన్ కూర్చునే చోటే తానూ కూర్చుంటుంది. కొంచెం తృప్తినిస్తూ, నికోటిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. బల్గేరియాలో 1960లలోనే మాత్రలుగా అమ్మారు. పడమటి దేశాలు చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. దాని అణువును ఆధారం చేసుకుని తయారైన వరెనిక్లిన్ అనే సిగరెట్ మాన్పించే మందుకు మాత్రం 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది.

చివరికి పోలండ్‌లోని వార్సాలో 740 మంది మీద సైటిసిన్‌ను, ఉత్తుత్తి మాత్రను పోల్చి చూశారు. 2011లో ఫలితం వచ్చింది. మాత్రలు వాడింది 25 రోజులే. ఏడాది తర్వాత కూడా సిగరెట్ ముట్టనివాళ్ళు ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.4 శాతం, సైటిసిన్ వాడినవారిలో 8.4 శాతం. మూడు రెట్లకు పైనే. అయినా నూటికి తొంభై మందికి పైగా మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నించాల్సినవాళ్ళే.