షాకప్ లోపల చల్ల చిలికితే

పికప్ బండి ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "కొత్త షాకప్‌లు వేయించాం. అయినా ఖాళీగా వెళ్తుంటే వెనక భాగం గుంతగుంతకీ ఎగురుతూనే ఉంది. సరుకు నకిలీదా, బిగింపులో లోపమా?" చాలాసార్లు రెండూ కాదు. ఎగరడం అని మనం ఒకే మాట వాడుతున్నాం గానీ అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. గుంతలో పడగానే నడుముకు తగిలే దెబ్బ ఒకటి. ఆ తర్వాత బండి ఊగుతూ ఉండటం రెండోది. మొదటిది ఎక్కువగా కమాను కట్టల (వెనక బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) పని, రెండోది షాకప్‌ల పని. షాకప్ మారిస్తే తగ్గేది రెండోదే.

పేరే మనల్ని తప్పుదారి పట్టించింది. షాక్ అబ్జార్బర్ అంటే దెబ్బను మింగేదని అర్థం. నిజానికి దెబ్బను మింగేది స్ప్రింగు. మింగిన శక్తిని దాచుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది, అదే ఊగడం. అలా తిరిగొచ్చే శక్తిని పట్టి వేడిగా మార్చేయడమే షాకప్ ఉద్యోగం.

పికప్ వెనక భాగం కష్టం ఎక్కడుందో లెక్కతో చూద్దాం. వెనక కమాన్ల మీద ఖాళీ బండిలో 600 కిలోలు, సరుకుతో 1,200 కిలోలు పడుతున్నాయనుకుందాం. సరుకు మోయాలి కాబట్టి కమాన్లు గట్టివి వేస్తారు. రెండు కట్టలూ కలిపి ఒక మిల్లీమీటరు వంగడానికి 90 న్యూటన్ల బలం కావాలంటే, ఖాళీ బండి సెకనుకు దాదాపు 2 సార్లు ఊగుతుంది, నిండు బండి 1.4 సార్లు. మెత్తగా నడిచే కారుకు ఈ లెక్క 1 నుంచి 1.5 దాకా ఉంటుంది. సెకనుకు 2 సార్లంటే కుదుపే. ఈ సంఖ్యను నిర్ణయించేవి కమాను గట్టిదనం, దాని మీది బరువు. ప్రపంచంలో ఏ షాకప్ వేసినా అది పెద్దగా మారదు. ఖాళీ బండి కుదుపు తగ్గాలంటే కమాను కట్ట మారాలి, లేదా తొట్టిలో కొంత బరువుండాలి.

షాకప్ లోపలి పనికి మన ఇళ్లలోనే చక్కని నమూనా ఉంది: కుండలో చల్ల చిలికే కవ్వం. కవ్వం గుండ్రంగా తిరుగుతుంది, షాకప్‌లోని పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. ఆ తేడా పక్కన పెడితే మిగతాదంతా అక్కడే కనిపిస్తుంది.

కవ్వాన్ని కదపకుండా పట్టుకుంటే పెరుగు దాన్ని ఏమాత్రం నెట్టదు. మెల్లగా తిప్పితే కొంచెం అడ్డుపడుతుంది, జోరుగా లాగితే చేతులు నొప్పెడతాయి. అంటే ఎదురుబలం కవ్వం ఎక్కడుందన్నదాన్ని బట్టి కాదు, ఎంత వేగంగా కదులుతోందన్నదాన్ని బట్టి వస్తుంది. షాకప్ కూడా అంతే. ఆగి ఉన్న బండి బరువును అది మోయదు. "వెనక కుంగిపోయింది, షాకప్‌లు మార్చండి" అనడం అందుకే తప్పు. కుంగితే కమాన్లు చూడాలి.

మరో సంగతి. అంచుదాకా నిండిన కుండలోకి కవ్వం దింపితే పెరుగు పొర్లుతుంది. షాకప్‌లో పిస్టన్‌కు కట్టిన కడ్డీ లోపలికి దిగినప్పుడు ఇదే చిక్కు. 14 మి.మీ. మందమున్న కడ్డీ 10 సెం.మీ. లోపలికి వస్తే 15 మిల్లీలీటర్లకు పైగా నూనె ఎక్కడికో తప్పుకోవాలి. నూనె నలగదు, కాబట్టి నలిగేది ఏదో ఒకటి లోపల ఉండి తీరాలి. ఆ ఏదో ఒకటి గాలి అయితే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే గాలి ఉన్న కుండలో చిలికితే నురగ వస్తుంది.

నురగలో కవ్వం ఎంత తేలిగ్గా తిరుగుతుందో చిలికినవాళ్లకు తెలుసు. పిస్టన్ కూడా అంతే. నూనెలో బుడగలు నిండితే అవి నలిగి దారి ఇచ్చేస్తాయి, ఎదురుబలం పడిపోతుంది. పైగా నూనె వేడెక్కుతుంది. ఒక షాకప్‌లోకి సగటున 150 వాట్లు వస్తున్నాయని, లోపల 300 మి.లీ. నూనె, చుట్టూ 2 కిలోల ఉక్కు ఉన్నాయని అనుకోండి. చల్లబడే దారే లేకపోతే నిమిషానికి సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. వేడికి నూనె పలచబడుతుంది, నురగకు అది తోడవుతుంది. మట్టి రోడ్డు మీద వరుసగా వచ్చే అలలు దీనికి పరీక్ష. ముప్పావు మీటరుకో అల ఉన్న దారిలో గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తే చక్రానికి సెకనుకు 15 దెబ్బలు. చక్రం తనంతట తాను ఎగిరే వేగం కూడా సెకనుకు 10 నుంచి 15 సార్లే. రెండూ కలిసినప్పుడు చక్రం మాటిమాటికీ నేలను వదిలేస్తుంది, స్టీరింగ్ మాట వినదు.

నురగ రాకుండా చేయడానికి మూడు దారులున్నాయి, ఆఫ్టర్‌మార్కెట్ (బండి కంపెనీ కాక ఇతరులు అమ్మే సామాను) కేటలాగుల్లోని పేర్లన్నీ వీటి చుట్టూనే. మొదటిది, రెండు గొట్టాల షాకప్‌లో (లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగులు నూనె, గాలి ఉంటాయి) బయటి గొట్టంలోని గాలికి బదులు వాతావరణ పీడనానికి 5 నుంచి 10 రెట్ల ఒత్తిడితో నైట్రోజన్ నింపడం. గోలీ సోడాలో గోలీ నొక్కేదాకా బుడగ కనిపించదు కదా, ఒత్తిడి బుడగను పుట్టనివ్వదు. ఆస్ట్రేలియా సంస్థ ఏఆర్‌బీ వారి ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోఛార్జర్లు ఈ రకం. రెండోది, గాలి ఉండే చోట మూసిన కణాల ఫోమ్ పెట్టడం. నలగడానికి ఫోమ్ ఉంది, కలవడానికి విడి గాలి లేదు. ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ సంస్థలు ఫోమ్ సెల్ అనే పేరుతో అమ్మేది ఇదే. మూడోది, ఒకే గొట్టంలో నూనెకూ వాయువుకూ మధ్య ఇంకో పిస్టన్‌ను అడ్డుగా తేలనివ్వడం. కుండ నిండా నింపి మూత బిగించి చిలికినట్టు. ఫ్రెంచి ఇంజినీరు బూర్సియే ద కార్బన్ ఆలోచన ఇది. 1957లో బిల్‌స్టీన్ దీన్ని మెర్సిడెస్-బెంజ్ కార్లకు పెద్దఎత్తున తయారు చేసింది.

ఒక గొట్టం రకంలో ఒత్తిడి 20 నుంచి 30 రెట్లు. 25 రెట్లు, 14 మి.మీ. కడ్డీ అయితే లోపలి వాయువు కడ్డీని దాదాపు 39 కిలోల బలంతో బయటికి నెడుతుంటుంది. అందుకే డబ్బాలో పట్టీతో కట్టి వస్తుంది, కోయగానే విచ్చుకుంటుంది. షాకప్ బరువు మోయదన్న మాటకు ఉన్న చిన్న మినహాయింపు ఇదే. బండి కొన్ని మిల్లీమీటర్లు లేస్తుంది, అంతకు మించి కాదు. నూనె బయటి గోడకే ఆనుకుని ఉంటుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. కానీ రాయి తగిలి ఆ గోడ సొట్టపోతే పిస్టన్ ఇరుక్కుంటుంది. రెండు గొట్టాల దానికి బయటి గొట్టం సొట్టపోయినా పని సాగుతుంది. రాళ్ల దారిలో నెమ్మదిగా తిరిగే బండికి రెండు గొట్టాలది, మట్టి రోడ్డు మీద గంటలకొద్దీ వేగంగా తిరిగే బండికి ఒక గొట్టంది నయం. "గ్యాస్ షాకప్‌లో నూనె ఉండదు" అన్న నమ్మకాన్ని మాత్రం వదిలేయాలి. పని చేసేది ఎప్పుడూ నూనే, వాయువు కాపలా మాత్రమే.

ధరలో తేడా ఎక్కువగా పిస్టన్ మీది కవాటాల దగ్గర వస్తుంది. ఉత్త రంధ్రం ఒకటే ఉంటే వేగం రెట్టింపైనప్పుడు ఎదురుబలం నాలుగింతలవుతుంది. మెల్లటి ఊగుడుకు ఏమీ చేయదు, గుంతకు మాత్రం ఇనుప కడ్డీలా బిగుసుకుంటుంది. కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అందుకే రంధ్రాల మీద పలచని ఉక్కు బిళ్లలు దొంతరగా పేరుస్తారు. ఒత్తిడి పెరిగితే బిళ్లల అంచులు వంగి దారి పెద్దదవుతుంది. బిళ్ల గట్టిదనం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది: 0.10 మి.మీ. బదులు 0.15 మి.మీ. బిళ్ల వేస్తే 3.4 రెట్లు, 0.20 వేస్తే 8 రెట్లు. తల వెంట్రుక మందమంత తేడాతో బండి నడక మారిపోతుంది. పైకి సాగేటప్పటి ఎదురుబలాన్ని నలిగేటప్పటి కంటే సాధారణంగా రెండు మూడు రెట్లు ఎక్కువ పెడతారు. నలిగేటప్పుడు స్ప్రింగు తానే అడ్డుపడుతుంది, విచ్చుకునేటప్పుడు ఆపేది నూనె ఒక్కటే.

భౌతికశాస్త్రం చదివే పిల్లలు అవరుద్ధ డోలనాల (అడ్డు వల్ల క్రమంగా తగ్గిపోయే ఊగుళ్ల) సూత్రాన్ని బట్టీ పడతారు. అది ఇక్కడ ఎంత పనికొస్తుందో చూడండి. ఊగుడును ఏ ఊపూ లేకుండా ఆపేసే అవరోధాన్ని 1 అనుకుంటే, ఖాళీ పికప్‌కు కొత్త షాకప్ ఇచ్చేది 0.35 అనుకుందాం. 10 సెం.మీ. ఊగితే తర్వాతి ఊపు 1 సెం.మీ. కూడా ఉండదు. బరువు రెట్టింపైతే ఆ సంఖ్య వర్గమూలం లెక్కన 0.25కు పడుతుంది, తర్వాతి ఊపు 2 సెం.మీ. షాకప్ సగం అరిగితే నిండు బండిలో 0.125: 10 తర్వాత 4.5, ఆ తర్వాత 2. అరిగిన షాకప్ ఖాళీ బండిలో దాక్కుని, బరువెక్కించి వంతెన దిగుతున్నప్పుడు బయటపడేది ఇందుకే. ఈ లెక్కను నల్లబల్ల మీద కాక బడి ముందు ఆగిన పికప్ పక్కన నిలబడి చెబితే పిల్లలు మరిచిపోరు.

అరిగిందని ఎలా తెలుస్తుంది? బానెట్ మూలను నొక్కి వదిలే పరీక్షను ఎక్కువ నమ్మకూడదు. చేత్తో నొక్కితే సెకనుకు 10, 20 సెం.మీ. వేగం మించదు, గుంతలో పిస్టన్ వేగం సెకనుకు మీటరు దాటుతుంది. పూర్తిగా చచ్చిన షాకప్ చేతికి దొరుకుతుంది గానీ సగం అరిగింది దొరకదు. టైరు మీద అరచేయి రాయండి. చుట్టూ అక్కడక్కడ తవ్వినట్టు పల్లాలు తగిలితే చక్రం ఎగురుతోందన్నమాట. కడ్డీ దగ్గర పలచటి తడి మామూలే. దుమ్ము పేరుకుని గొట్టం కిందిదాకా జారిన నూనె అయితే సీలు పోయింది.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు. ఇది ఆస్ట్రేలియాలో 2012 నుంచి 2020 దాకా అమ్మిన తరానికి చెందింది కాబట్టి అక్కడి సామాను దొరుకుతుంది. జాగ్రత్త అంతా స్ప్రింగు ఎంపికలో ఉంది. అక్కడి బండికి 3 లీటర్ల ఇంజను, తరచూ ముందు ఉక్కు బుల్ బార్ (బంపర్‌కు ముందు బిగించే రక్షణ చట్రం). మన బండికి ముందు 2.5, తర్వాత 1.9 లీటర్ల ఇంజన్లు వచ్చాయి, బుల్ బార్లను 2017 డిసెంబరులో కేంద్రం నిషేధించింది. బార్ బరువుకు లెక్కగట్టిన స్ప్రింగు ఇక్కడ వేస్తే ముందు భాగం అనుకున్నదానికంటే ఎత్తుగా లేస్తుంది, చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోతుంది, ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడూ షాకప్ చివరకు తగిలి టక్కుమంటుంది. బార్ లేని బండికని రాసి ఉన్న, అన్నిటికంటే తేలికైన స్ప్రింగే అడగండి. 40, 50 మి.మీ. లేపితే యాక్సిల్ కీళ్ల కోణం పెరుగుతుంది, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ తనంతట మధ్యకు రావడం మందగిస్తుంది. ఆర్‌సీ వివరాలు కంపెనీ చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదన్నదీ గుర్తుండాలి. అసలు ఎత్తులోనే మంచి కవాటాలున్న షాకప్ వేయడం చాలామందికి సరిపోతుంది.

బిగింపు. తుప్పు నూనెను ముందురోజే బోల్టులకు కొట్టి ఉంచండి. ఒక ఇరుసుకు రెండూ కలిపే మార్చాలి. వెనక షాకప్ విప్పేముందు ఇరుసు కింద రెండో జాకీ పెట్టండి. ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది చాలా బళ్లలో షాకప్పే, అది ఊడితే బ్రేకు గొట్టం సాగి తెగవచ్చు. ముందు వైపు ఏబీఎస్ తీగ, బ్రేకు గొట్టం పట్టీలు ముందే వదులు చేయండి. షాకప్ స్ప్రింగుతో కలిపి ఒకే కట్టగా బయటికి వస్తుంది. దాని నడినెత్తిన ఉన్న నట్టును స్ప్రింగు కంప్రెసర్ బిగించకుండా ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు, లోపల బిగపట్టి ఉన్న స్ప్రింగు ప్రాణం తీయగలదు. కడ్డీ తిరుగుతోందని పైపు రెంచితో పట్టుకోవద్దు. దాని మెరుపు మీద పడిన గీత సీలును కోస్తూ పోతుంది, కొత్త షాకప్ నెలల్లో కారుతుంది.

రెండు గొట్టాల షాకప్ డబ్బాలో పడుకుని వస్తుంది కాబట్టి వాయువు లోపలి గొట్టంలోకి చేరి ఉండవచ్చు. నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగితే ఆ బుడగలు వెళ్లిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ మంది చేసే తప్పు చివర్లో జరుగుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే రబ్బరు బుష్‌ల (బోల్టు దూరే చోట ఉండే రబ్బరు తొడుగుల) బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బోల్టు బిగియగానే బుష్ లోపలి ఇనుప గొట్టం కదలకుండా పట్టుకుంటుంది, ఆపై తిరుగుడంతా రబ్బరే మెలితిరిగి భరించాలి. వేలాడే స్థితిలో బిగిస్తే బండి నేల మీద నిలబడ్డప్పుడే రబ్బరు సగం మెలికలో ఉంటుంది, రాత్రింబవళ్లు అలాగే. కొన్ని నెలల్లో చిరుగుతుంది, అప్పుడు కిరకిర శబ్దానికి కొత్త షాకప్‌ను తిడతారు. బోల్టులను చేతి బిగువుతో ఉంచి, చక్రాలు వేసి, బండిని నేలకు దించి, ముందూ వెనకా కొంచెం నడిపి, బరువంతా చక్రాల మీద ఉండగా కింద దూరి సర్వీసు మాన్యువల్‌లోని లెక్కకు టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) బిగించాలి. ఎత్తు మారి ఉంటే వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల కోణం సరిచేయించాలి. 500 కి.మీ. తిరిగాక అవే బోల్టుల మీద టార్క్ రెంచి మళ్లీ పెట్టాలి.