తుంగభద్ర దాటితే ఎవరి రోగి?

2021 మే నెల. కర్నూలు నుంచి తుంగభద్ర బ్రిడ్జి దాటి కాస్త దూరం పోతే పుల్లూరు టోల్‌గేటు. అక్కడ అంబులెన్సులు వరసగా ఆగిపోయాయి. లోపల ఆక్సిజన్ మీద మనిషి, బయట ఫోన్ పట్టుకుని హైదరాబాద్ ఆసుపత్రివాళ్లను బతిమాలుతున్న కొడుకో అల్లుడో. తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం బెడ్డు ఖాయమైందని ఆసుపత్రి చెప్పాలి, కంట్రోల్ రూమ్ అనుమతి రావాలి, అప్పుడే గేటు దాటేది. ఆ ఉత్తర్వుపై తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చాక గానీ దారి తెరుచుకోలేదు.

ఇదే రోడ్డు మీద ఏళ్ల తరబడి రోగులు ఇటువైపు కూడా వస్తున్నారు. అలంపూర్, గద్వాల వాళ్లకు పెద్దాసుపత్రి అంటే కర్నూలుదే. రాయచూరు, బళ్లారి వైపు నుంచీ వస్తారు. ఇక్కడి వార్డుల్లో కన్నడం వినపడితే ఎవరూ తిరిగి చూడరు. 1956 దాకా అలంపూర్, గద్వాల తాలూకాలు నిజాం నాటి రాయచూరు జిల్లాలోనే ఉండేవి. బళ్లారి, కర్నూలు రెండూ 1953 దాకా మద్రాసు కింద ఉండేవి. సరిహద్దులు మూడు నాలుగుసార్లు జరిగాయి గానీ జనం ఆసుపత్రికి పోయే దారి పెద్దగా మారలేదు. 1956 నవంబర్‌లో రాజధాని కర్నూలును వదిలి హైదరాబాద్ వెళ్లింది. మరుసటి ఏడాది ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది, దాంతో ఆ దారి ఇంకా గట్టిపడింది.

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోవి. కేంద్రం, రాష్ట్రాలు కలిసి మాట్లాడుకోవడానికి 263వ అధికరణం కింద 1952లోనే కేంద్ర ఆరోగ్య మండలి పెట్టారు. కేంద్ర మంత్రి, రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు కూర్చుంటారు, తీర్మానాలు చేస్తారు. అది సలహా ఇచ్చే మండలే, దాని చేతిలో డబ్బు లేదు. కాబట్టి అసలు బేరమంతా ఖర్చు పంచుకునే నిష్పత్తుల్లోనే నడిచింది.

2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. పీహెచ్‌సీలకు మరమ్మతులు, ఆశా కార్యకర్తలు, కాంట్రాక్టు నర్సులు, ఇలా పాత వ్యవస్థకు కొత్త ఊపిరి పోసింది నిజంగా అదే. ఖర్చులో కేంద్రం వాటా మొదట్లో ఎక్కువ: 11వ పంచవర్ష ప్రణాళికలో (2007-12) 85:15, ఆ తర్వాత 75:25, 2015-16 నుంచి 60:40. 2014 నుంచి డబ్బు నేరుగా మిషన్‌ను నడిపే రాష్ట్ర ఆరోగ్య సొసైటీకి కాకుండా రాష్ట్ర ఖజానా మీదుగా రావడం మొదలైంది. ఖజానాలో చిక్కుకున్న బిల్లు ఎప్పుడు కదులుతుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు.

భవనాలకూ ఇదే లెక్క. అనంతపురం మెడికల్ కాలేజీకి సూపర్ స్పెషాలిటీ బ్లాకు ఇచ్చిన పథకంలో 150 కోట్లకు కేంద్రం 120, రాష్ట్రం 30. కర్నూలు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ది 120 కోట్లు, 60:40 పద్ధతి. గోడలకు రెండు ప్రభుత్వాల డబ్బు దొరికింది. ఆ గోడల మధ్య కూర్చునే డాక్టరు జీతం మాత్రం ఏటా రాష్ట్రమే చూసుకోవాలి. నా దృష్టిలో అసలు తకరారు అక్కడే.

ఢిల్లీకి, అమరావతికి మధ్య నిష్పత్తి అన్నా ఉంది. పక్కపక్క రాష్ట్రాల మధ్య అలాంటిదేమీ కనిపించదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. (పేరు ఆ తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ.) అప్పట్లో హైదరాబాద్‌కు రాసిస్తే కార్డు పట్టుకుని బస్సెక్కడమే. 2014 జూన్ 2తో ఆ హైదరాబాద్ వేరే రాష్ట్రమైపోయింది. 2019 నవంబర్ నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఎంపిక చేసిన ఆసుపత్రులకు ఆంధ్ర పథకాన్ని విస్తరించారు. అది కూడా ఒక ప్రభుత్వం ఆసుపత్రులతో కుదుర్చుకున్న ఏర్పాటే, ఇంకో ప్రభుత్వంతో కాదు.

ఇటు గద్వాల నుంచి వచ్చినాయన సంగతి చూడండి. మిషన్ నిధులు పంచేటప్పుడు ఆయన తల తెలంగాణ జనాభాలో లెక్కకొస్తుంది. ఆయన పడుకున్న మంచం, ఎక్కించిన సెలైన్, రాత్రి డ్యూటీ నర్సు జీతం కర్నూలు ఖాతాలో పడతాయి. ఇది ఫిర్యాదు కాదు, రోగిని వెనక్కి పంపమని ఇక్కడెవరూ అనరు. లెక్క మాత్రం కుదరలేదు.

ఒక్క సన్నని దారి ఉంది, అదీ ఢిల్లీ మీదుగానే. 2018లో వచ్చిన కేంద్ర ఆరోగ్య బీమా ఆయుష్మాన్ భారత్ కార్డు, ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. రాష్ట్ర పథకం కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. తెలంగాణ ఆ పథకంలో చేరింది 2021లో, పుల్లూరు గేటు దగ్గర అంబులెన్సులు ఆగిన ఆ మే నెలలోనే.