పోలీసు కేసు తేలాకే పరిహారమా? రసాయనాల బాధితుల విషయంలో అపోహలు - వాస్తవాలు

"కేసు ఇంకా నడుస్తోంది కదా మేడం, అది తేలాక వద్దామని ఆగాం." విశాఖ, అనకాపల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల వల్ల దెబ్బతిన్నవాళ్ల పరిహారం కేసులు చూస్తాను నేను. ఈ మాట వినని నెల ఉండదు. ఏ కేసు అని అడిగితే, గ్యాస్ లీకైన మర్నాడు పోలీసులు పెట్టిన కేసు అంటారు. మీరేం వేశారని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. మిగతా అపోహల వల్ల తిరుగుడు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. దీనివల్ల మాత్రం హక్కే చేజారిపోతుంది. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: కంపెనీ మీద పోలీసు కేసు ఉంది కాబట్టి, తీర్పు వచ్చాక పరిహారం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాదు. పోలీసు కేసు ప్రభుత్వం నిందితుల మీద నడిపేది. అందులో మీరు సాక్షి మాత్రమే. ఎవరికి శిక్ష పడాలన్నదే అక్కడ తేలుతుంది. జరిమానా సొమ్ములోంచి బాధితులకు కొంత ఇప్పించే వీలు ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. మీ వైద్యం ఖర్చుకు, పోయిన కూలికి, చచ్చిన పాడి గేదెకు, మాడిన తోటకు లెక్క కట్టేది వేరే చోట, మీరు వేసుకున్న దరఖాస్తు మీద.

భోపాల్‌నే చూడండి. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి గ్యాస్ లీకైంది. క్రిమినల్ కేసులో కింది కోర్టు తీర్పు వచ్చింది 2010 జూన్ 7న. పాతికేళ్లు దాటాక, రెండేళ్ల జైలు శిక్ష. పరిహారం సంగతి అంతకు చాలా ముందే, 1989 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టులో 47 కోట్ల డాలర్ల ఒప్పందంగా తేలింది. ఆ డబ్బు ఏ మూలకీ చాలలేదన్న బాధ ఇప్పటికీ ఉంది, అది న్యాయమైన బాధే. కానీ రెండు కేసులూ దేని దారిన అవి నడిచాయి. ఒకదాని కోసం రెండోదాన్ని ఆపాల్సిన పని అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇప్పుడు గడువుల సంగతి. పర్యావరణ కేసుల కోసమే ఉన్న ప్రత్యేక న్యాయస్థానం జాతీయ హరిత ట్రిబ్యునల్. అందులో పరిహారం అడగడానికి 2010 నాటి చట్టం సెక్షన్ 15 ఇచ్చే గడువు ఐదేళ్లు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. ఆ ఐదేళ్లు పరిహారానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి మొదలవుతాయి. చార్జిషీటు వేసిన రోజు నుంచో, కమిటీ నివేదిక ఇచ్చిన రోజు నుంచో కాదు. మన ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకైంది 2020 మే 7 తెల్లవారుజామున. 12 మంది చనిపోయారు. ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ వార్త పేపర్లో చూసి "మన పేరు కూడా అందులో ఉంటుందిలే" అనుకున్నవాళ్లు ఎంతమందో. ట్రిబ్యునల్ ఊరందరి కోసం కేసు చేపట్టినా, ఫలానా మనిషికి ఫలానా నష్టం జరిగిందన్న కాగితం ఆ మనిషే పెట్టుకోవాలి. లీకైన రోజు నుంచి లెక్కేస్తే ఆ ఐదేళ్లు 2025 మేలోనే నిండాయి. జబ్బు తర్వాత బయటపడింది కాబట్టి గడువు కూడా తర్వాతే మొదలైందని వాదించవచ్చు, వాదిస్తాం. కానీ గడువులో వేసినవాళ్లకు ఆ వాదనతో పనే లేదు.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు గడువు ఇంకా తక్కువ. ఉద్యోగుల పరిహారం కోసం లేబర్ అధికారి దగ్గర రెండేళ్లలో వేయాలి. సీసం, పాదరసం, బెంజీన్ లాంటివి ఒంట్లో చేరి మెల్లగా వచ్చే వృత్తి రోగమైతే, ఆ జబ్బుతో వరసగా పనికి వెళ్లలేకపోయిన మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా లెక్కిస్తారు. ఆ తేదీ రాసిపెట్టుకోండి. 2025 నవంబర్‌లో లేబర్ కోడ్‌లు వచ్చాక ఈ పరిహారం ఇప్పించే 1923 నాటి చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, సెక్షన్ల నంబర్లు మారాయి. "కొత్త చట్టం వచ్చింది, పాత హక్కులన్నీ పోయాయి" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నమ్మకండి.

ట్రిబ్యునల్ గడువు కంటే ముందే ముగిసే గడువు ఇంకోటి ఉంది. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలన్నది డాక్టర్లకున్న నియమం. ఆ తర్వాత వెళ్తే "పాతవి తీసేశామండీ" అంటారు. రోగిగానీ, రోగి తరఫున అనుమతి ఉన్న మనిషిగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ అదే నియమాల్లో ఉంది. డిస్చార్జి సమ్మరీ ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకండి, మొత్తం కేస్ షీట్, అంటే చేరిన రోజు నుంచి ఆస్పత్రివాళ్లు రాసిన రికార్డంతా అడగండి.

ఎందుకంటే, శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ పాలిథీన్ కవరులో ఎక్స్‌రేలూ కాగితాలూ పట్టుకుని వచ్చింది. భర్త ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. రియాక్టర్ దగ్గర సాల్వెంట్ ఆవిరి పీల్చి పడిపోయాడు. కేస్ షీట్ మొదటి పేజీలో హిస్టరీ దగ్గర ఏముందో తెలుసా? "రెండు రోజులుగా ఆయాసం, ఇంటి దగ్గర మొదలైంది." అతనికి అప్పటికే ఆక్సిజన్ మాస్క్ పెట్టారు, మాట్లాడలేడు. చెప్పింది వెంట వచ్చిన సూపర్‌వైజర్. డ్యూటీ డాక్టరు విన్నది రాసుకున్నాడు. "ఇంటికి రానేలేదమ్మా, షిఫ్టులోంచే అటు తీసుకుపోయారు" అని ఆవిడ నా టేబుల్ ముందు కూర్చుని ఏడ్చింది. చివరికి 108 రికార్డూ, ఆ షిఫ్టు హాజరు పట్టీ దొరికాయి కాబట్టి క్లెయిమ్ నిలబడింది. కానీ ఆ ఒక్క లైను మీద ఏడాదికి పైగా కొట్లాడాల్సి వచ్చింది. అందుకే మీవాళ్లను ఆస్పత్రిలో చేర్చిన రోజే డాక్టరు గారికి మీ నోటితో చెప్పండి: ఎక్కడ, ఏ పనిలో, ఏ రసాయనం, ఎంతసేపు. రసాయనం పేరు తెలియకపోతే డ్రమ్ము మీది లేబుల్ ఫోటో చూపించండి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు కూడా తెలియజేసే కేసుగా నమోదు చేయమని అడగండి. ఆ గాభరాలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి అంటారా? నిజమే. అందుకే కాస్త స్థిమితంగా ఉన్న బంధువు ఒకరు ఈ పని నెత్తిన వేసుకోవాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"డబ్బు తీసుకుని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టేశాం, ఇక కేసు లేదు." కార్మికుడు చనిపోయిన కేసుల్లో పరిహారాన్ని యజమాని లేబర్ అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది చట్టం లెక్కలో పరిహారమే కాదు. హక్కు వదులుకుంటున్నానని కార్మికుడితో రాయించుకున్న ఒప్పందం కూడా చెల్లదు. ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా అనేది ఒక సాయం మాత్రమే, దానితో కంపెనీ బాధ్యత తీరిపోదు. ఫ్యాక్టరీ పక్క ఊళ్లవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక: మీరు రాజీ పత్రం మీద పెట్టే సంతకానికి విలువ ఉంటుంది. చదివించుకోకుండా పెట్టకండి.

"కంపెనీ తప్పు మనమే నిరూపించాలి." అక్కర్లేదు. 1985 డిసెంబర్‌లో ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీలో ఓలియం గ్యాస్ లీకైంది. ఏడాది తర్వాత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది: ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్లు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నామని చెప్పినా నష్టానికి పూర్తి బాధ్యులే. హరిత ట్రిబ్యునల్ చట్టంలోనూ తప్పుతో పనిలేని బాధ్యతే. మీరు చూపించాల్సింది ఆ రసాయనం మీకు తగిలిందనీ, దానివల్ల ఈ నష్టం జరిగిందనీ. కేస్ షీట్ గురించి అంతసేపు చెప్పింది ఇందుకే.

"కాంట్రాక్టు లేబర్‌కి ఏమీ రాదు." వస్తుంది. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే అసలు కంపెనీని అడగవచ్చు. వలస వెళ్లినవాళ్లు సొంత జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్ల దారి వేరు. పనిలో తగిలిన దెబ్బకు వాళ్లు ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి, యజమాని మీద ఉద్యోగుల పరిహారం కేసు నిలవదు. కాబట్టి ముందు ఈఎస్ఐ నంబరు ఉందో లేదో చూసుకోండి.

"సివిల్ కోర్టులో దావా వేస్తే పోలా." ట్రిబ్యునల్ పరిధిలోకి వచ్చే పరిహారం దావాలు సివిల్ కోర్టు తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. మన రెండు రాష్ట్రాలకూ ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. బయటి ప్రజలకు వెంటనే కొంత సాయం అందడానికి 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికీ గడువు ఐదేళ్లే.

"అమెరికాలో మా అబ్బాయి అక్కడ క్లాస్ యాక్షన్ (బాధితులందరి తరఫున ఒకే దావా) వేద్దామంటున్నాడు." పిల్లల తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ భోపాల్ కేసునే 1986లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు భారత కోర్టుల్లోనే తేల్చుకోమని పంపేసింది. ఇక్కడి ఫ్యాక్టరీ వల్ల ఇక్కడ జరిగిన నష్టానికి ఇక్కడే వేయాలి. ఊరంతా కలిసి ఒకే దరఖాస్తు కూడా వేయవచ్చు.

"లాయరు ఫీజులకే ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది." ట్రిబ్యునల్ ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆధార్, ఆస్పత్రి కాగితాలు, మందుల బిల్లులు, గేట్‌పాస్ లేదా జీతం స్లిప్పు, పశువులు పోతే పశువైద్యుడి పోస్టుమార్టం రిపోర్టు పట్టుకెళ్లండి. ఏదైనా లేకపోతే అది దొరికేదాకా ఆగకండి, ఉన్నవాటితోనే వెళ్లండి. మిగతావి సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి, ఫ్యాక్టరీల శాఖ నుంచి తెప్పించవచ్చు. ముందు మాత్రం ఒక తెల్ల కాగితం మీద రెండు తేదీలు రాసి పట్టుకెళ్లండి: రసాయనం తగిలిన రోజు, పని మానేసిన రోజు.