గిన్నె అడుగున మడ్డి

శ్రీకాకుళం

బుజ్జీ, చిన్నా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మృగశిర కార్తె తొలి వానకి డాబా మీద స్టీలు గిన్నె పెట్టి, ఆ నీళ్ళలో మందార పువ్వు రసం పోసి చూశారంటే ఎంత సంతోషమేసిందో! నిమ్మరసంలో అది ఎర్రబడింది, వాన నీళ్ళలో మారలేదు, "అయితే విజయనగరం గాలి శుభ్రమే కదా తాతయ్యా" అన్నారు. ఆ మాట మాత్రం ఒప్పుకోలేను.

ఎంత మంచి గాలిలో పడినా వాన కొంచెం పులుపే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చినుకులో కరుగుతుంది, గోళీసోడాలో ఉన్నట్టే. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఈ వానకి అది 5.6 దగ్గర ఉంటుంది. అంత చిన్న పులుపు మందారానికి అందదు. ఊళ్ళో అయితే బొగ్గు, డీజిల్‌లోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఇంజను వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలుస్తాయి. ఇవే మబ్బులో సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు అవుతాయి. పీహెచ్ 4.6కి దిగిందంటే పులుపు పది రెట్లయినట్టు. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకి 10 పాళ్ళే ఉండాలన్నారు, అంతకుముందు 50 ఉండేది. చాలా మంచి పని జరిగింది.

అయినా మన దేశంలో చాలాచోట్ల వాన అంత పుల్లబడదు. కారణం దుమ్ము. ఎండలకి లేచే మట్టిలో, ఇళ్ళు కట్టేచోట సిమెంటులో సున్నం జాతి పదార్థం ఉంటుంది. పేడ, పశువుల మూత్రం, యూరియా వేసిన పొలాల నుంచి అమ్మోనియా లేస్తుంది. కడుపులో మంటకి మీ నాయనమ్మ వేసుకునే బిళ్ళలాగే ఇవి ఆమ్లాన్ని విరిచేస్తాయి. కానీ విరిగిన ఆమ్లం ఎక్కడికీ పోదురా. కాల్షియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ లాంటి లవణాలై ఆ నీళ్ళలోనే ఉంటుంది. పులుపు పోయింది గానీ పొగ జాడ పోలేదు.

1852లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చుట్టుపక్కల వాన నీళ్ళు పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ ఇదే చూశాడు. దూరంగా పొలాల్లో అమ్మోనియం కార్బొనేట్, ఊరి శివార్లలో అమ్మోనియం సల్ఫేట్, నడిబొడ్డున నేరుగా ఆమ్లం. ఎంత ఓపిక చూడండి!

మీరు చివర్లో "గిన్నె అడుగున ఎర్రటి మడ్డి, వేలితో రుద్దితే గరగరలాడింది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ ప్రయోగం మొత్తంలో నాకు నచ్చింది అదే. మందారానికి కనబడని ఆ దుమ్మే మీ వేలికి తగిలింది.

ఈసారి రెండు గిన్నెలు పెట్టండి. మొదటి పది నిమిషాల వాన ఒకదాంట్లో, అరగంట తర్వాతిది ఇంకోదాంట్లో. ఉరుములుంటే మాత్రం డాబా ఎక్కొద్దు, తగ్గాకే వెళ్ళండి. మడ్డి దిగాక పైన తేరిన నీళ్ళు చెరో చెంచాడు పళ్ళేల్లో పోసి ఎండలో పెట్టండి. నీళ్ళు ఇంకాక ఏ పళ్ళెంలో తెల్లటి మరక ఎక్కువుందో నాకు రాయండి.

మీ తాతయ్య