"పోయినసారి వేయించాం కదా, మళ్లీ ఎందుకు?": పోలియో చుక్కలపై అపోహలు - వాస్తవాలు

పల్స్ పోలియో ఆదివారం బూత్‌కు వెళ్లిన ప్రతిసారీ వైద్యాధికారిగా నేను మొదట వినే ప్రశ్న ఇదే. అడిగే తల్లిని తప్పుపట్టలేను. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు.

అపోహ: టీకాలన్నీ సమయానికి వేయించాం. ఇంకా చుక్కలు వేస్తే మోతాదు మించిపోతుంది.

వాస్తవం: మించదు. చుక్కల్లో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. అది పేగులో కుదురుకుంటేనే రక్షణ వస్తుంది. బిడ్డకు తరచూ విరేచనాలవుతున్నా, పేగులో అప్పటికే వేరే వైరస్‌లున్నా ఆ డోసు పట్టకపోవచ్చు. ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో జరిగింది అదే. ఎన్నో డోసులు వేసుకున్న పిల్లలు కూడా అక్కడ పోలియో బారిన పడ్డారు. టీకా పనికిరాదని చాలామంది అప్పుడే తేల్చేశారు. కానీ సిబ్బంది ఇల్లిల్లూ తిరగడం మానలేదు. 2010లో, మూడు రకాల పోలియో వైరస్‌లలో 1, 3 రకాలపై మరింత బాగా పనిచేసే కొత్త చుక్కలు కూడా వచ్చాయి. 2009లో దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటి. ఆ ఏడాది జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో జబ్బుపడిన పాపదే మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు. ఈ అంకెలు చదివిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది.

అపోహ: మేం వేయించకపోతే నష్టం మాకే.

వాస్తవం: వైరస్ సోకిన దాదాపు 200 మందిలో ఒకరికే కాళ్లో చేతులో చచ్చుబడతాయి. మిగతావాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటూ మలం ద్వారా దాన్ని పంచుతారు. పిల్లలందరికీ ఒకేసారి చుక్కలు పడితే వైరస్‌కు నిలవనీడ ఉండదు. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఇటుక బట్టీల దగ్గర మేం పిల్లల ఎడమ చిటికెన వేలు పట్టి గుర్తు కోసం చూసేది అందుకే.

అపోహ: 2014లోనే పోలియో రహిత దేశమయ్యాం, ఇక అవసరం లేదు.

వాస్తవం: పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలో వైరస్ ఇంకా తిరుగుతోంది. ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. టీకాలు అందరికీ అందని చోట చుక్కల్లోని బలహీన వైరస్ కూడా మనిషి నుంచి మనిషికి పాకుతూ, అరుదుగా, తిరిగి బలం పుంజుకుంటుంది. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి మార్పు చెందిన 2వ రకం వైరస్ కనిపించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే 2వ రకాన్ని చుక్కల నుంచి తొలగించారు కాబట్టి, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ రూపంలో టీకా వేశారు. ఏ బిడ్డా జబ్బు పడకముందే మురుగునీరు హెచ్చరించింది, సిబ్బంది వారం రోజుల్లో ఆ పని ముగించారు.

మిగతావి క్లుప్తంగా. చుక్కల వల్ల సంతానం కలగదన్నది పచ్చి అబద్ధం. జలుబు, కొద్దిపాటి జ్వరం ఉన్నా వేయించవచ్చు. తల్లిపాలు వెంటనే పట్టవచ్చు, అరగంట ఆగనక్కరలేదు. మందు చల్లగా ఉందో లేదో అని అనుమానమా? సీసా మీద వృత్తంలో, వేడి తగిలేకొద్దీ రంగు ముదిరే ఒక చతురస్రం ఉంటుంది. అది చుట్టూ ఉన్న వృత్తం కంటే లేత రంగులో ఉంటేనే ఆ మందు వాడతాం. చూపించమని అడగండి, చూపిస్తాం.