సోలార్ వద్దన్న మనిషి వద్దన్నది దేన్ని? అపోహలు - వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో సర్వే ఫారాలు పట్టుకుని తిరగడం నా పని. కరెంటు, నీళ్లు, సాగు విషయంలో ప్రభుత్వం కొత్త పద్ధతి ఏదైనా తెస్తే జనం ఏమనుకుంటున్నారో రాసుకొస్తాం. ఆఫీసు మీటింగుల్లో వినే మాటలకూ రచ్చకట్ట మీద వినే మాటలకూ పొంతన తక్కువ.

అపోహ: పల్లె జనానికి వాతావరణ మార్పు అంటే తెలీదు.

మొదట్లో నేనూ అలాగే రాశాను. "వాతావరణ మార్పు గురించి విన్నారా?" అని అడిగితే ఒక పెద్దాయన "లేదు నాయనా" అన్నాడు. టిక్ పెట్టి ఫారం మడిచేలోగా ఆయనే అందుకున్నాడు. "మృగశిరలో పదునయ్యేది, చెనిక్కాయ ఏసేవాళ్లం. ఇప్పుడు ఆరుద్ర పోయినా గొర్రు కట్టేదానికి లేదు. కాయ ఊరేటప్పుడు రాని వాన, పెరికి కుప్ప ఏసినాక వస్తాది." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో వాన లెక్క తప్పితే తెలియనిది ఎవరికి? ఆయనకు తెలియనిది మా ఫారంలోని మాట మాత్రమే. తర్వాత ప్రశ్న మార్చాం.

అపోహ: సోలార్ వద్దనేవాళ్లు పర్యావరణానికి వ్యతిరేకులు.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లది. ఎన్‌పీ కుంట దగ్గర ఇంకోటి ఉంది. ఇంత పెద్ద పార్కు వస్తుందంటే పట్టా ఉన్న రైతుకు పరిహారమో కౌలో వస్తుంది. అదే చేలో కలుపు తీసే కూలీకి ఏ కాగితమూ రాదు. గొర్రెలు మేపేవాడికి అసలే రాదు. "కరెంటు మంచిదే సార్, కాదన్లే. గొర్రెలు అద్దాలు మేస్తాయా?" అని ఒకాయన అడిగాడు. మా ఫారంలో ఆయన 'వ్యతిరేకం' గడిలో పడ్డాడు.

వ్యవసాయ మోటార్లకు కరెంటు మీటర్లు పెట్టే సంగతీ అంతే. 2004 నుంచి ఉచిత కరెంటుకు అలవాటుపడిన రైతుకు 2020లో ఆ మాట వినిపించింది. ఎంత కరెంటు కాలుతోందో లెక్క తేలితే మంచిదే అని తలూపినవాళ్లే, ప్రభుత్వం బిల్లు డబ్బు ముందు మీ ఖాతాలో వేస్తుంది, మీరు కట్టాలి అనగానే "పడకపోతే?" అన్నారు.

ఇది మన దగ్గరే కాదు. స్విట్జర్లాండ్‌లో 2021లో వాతావరణ మార్పును అడ్డుకోవడానికి పెట్రోలు, విమాన టికెట్ల మీద భారం పెంచే చట్టాన్ని జనం స్వల్ప తేడాతో ఓడించారు. రెండేళ్లకు కొత్త పన్నుల్లేకుండా, ఇళ్లకూ కంపెనీలకూ సాయం చేస్తామంటూ ఇంకో చట్టం తెస్తే 59 శాతం మంది ఒప్పుకున్నారు. రెండేళ్లలో మారింది జనమా, బిల్లు ఎవరి పేరున వస్తుందన్న సంగతా?

అపోహ: పెద్ద విపత్తు వస్తే అందరి కళ్లూ తెరుచుకుంటాయి.

2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య డ్యామ్ కొట్టుకుపోయింది. అలాంటి చోట జనం ముందు అడిగేది ఇల్లు, పరిహారం. ఆ వేడిలో తీసుకున్న సర్వేను నేను పెద్దగా నమ్మను.

అపోహ: ఒకసారి వద్దంటే ఎప్పటికీ వద్దే.

డ్రిప్ సంగతి చూడండి. 2003లో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు మొదలైనప్పుడు "చుక్క చుక్క పోస్తే చెట్టు దాహం తీరుతుందా?" అన్నవాళ్లున్నారు. ఉడుతలు పైపులు కొరుకుతాయన్నారు. ఉప్పు పట్టి రంధ్రాలు పూడతాయన్నారు. రెండూ నిజమే! ఇప్పటికీ కొరుకుతాయి, ఆసిడ్‌తో కడుక్కుంటూ ఉండాల్సిందే. అయినా బోరులో నీళ్లు తగ్గుతుంటే, పక్క చీనీ తోట పచ్చగా కనబడుతుంటే, వద్దన్నవాళ్లే సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకున్నారు. స్టాక్‌హోమ్‌లోనూ ఇదే జరిగింది. నగరంలోకి వచ్చే కార్లకు రుసుము పెడతామంటే ఎక్కువ మంది వద్దన్నారు. 2006లో ఏడు నెలలు వసూలు చేసి చూపించాక ఓటింగ్ పెడితే నగరవాసులు సరేనన్నారు.

అపోహ: నేను సరే, మిగతావాళ్లే ఒప్పుకోరు.

2024లో వెలువడిన 125 దేశాల అధ్యయనంలో 69 శాతం మంది వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి తమ ఆదాయంలో ఒక శాతం ఇస్తామన్నారు. ఎదుటివాళ్లలో ఎంతమంది ఇస్తారంటే మాత్రం వాళ్ల అంచనా 43 శాతమే. కొత్త బోర్లు వేయకుండా, ఉన్న బోర్లను పైపులతో కలిపి నీళ్లు పంచుకుంటారా అని మేం ఒక ఊళ్లో అడిగాం. "నాదేముంది సార్, పక్క చేనాయన చస్తే ఒప్పుకోడు" అన్నాడు ఒక రైతు. ఆ పక్క చేనాయన ఫారం అప్పటికే నా సంచిలో ఉంది, 'సమ్మతం' అని. ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పకూడదు కాబట్టి తలూపి, తర్వాతి ప్రశ్న అడిగాను.